తెలుగు అక్షరాన్ని నిలబడనిద్దాం

మొన్నటి అర్ధసంవత్సర పరీక్షల్లో మా బడి ఏడో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో ఒక అపరిచిత గద్యం వచ్చింది. ఎండాకాలంలో ఒక ఊరు నీళ్లకు పడే పాట్లు అందులోని విషయం. పది పన్నెండు వాక్యాలకు మించదు. అది చదివి కింద ఉన్న ఐదు ప్రశ్నలకు జవాబులు రాయాలి. పరీక్ష మొదలైన పావుగంటకు వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. “సార్, ‘విధి చివర బావి’ అంటే ఏమిటి సార్?” అని అడిగాడు. వాడు అల్లరికి అడగలేదు. నిజంగానే అర్థం కాలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ ఉన్నది విధి కాదు, వీధి.

సాయంత్రం జవాబుపత్రాలు దిద్దుతుంటే సంగతి ఇంకాస్త తెలిసింది. కొందరు జవాబులోనూ ‘విధి’ అనే రాశారు. ఒకమ్మాయి ఆ ప్రశ్నే వదిలేసింది. వీళ్లు చదవడం రాని పిల్లలు కారు. పాఠ్యపుస్తకంలో అదే మాట వస్తే తడుముకోకుండా చదువుతారు. ప్రశ్నపత్రం తీసి వెలుతురులో పెట్టి చూశాం. గద్యం మొత్తం వాలు అక్షరాల్లో ఉంది. ఇంగ్లిషులో ఇటాలిక్ అంటామే, అలా కుడివైపు ఒరిగి ఉంది. ‘వీ’ మీది గుడిదీర్ఘం కొస పక్కనున్న ‘ధి’ గుడిని తాకుతోంది. జెరాక్స్ మీద జెరాక్స్ తీసేసరికి మధ్యనున్న ఆ కాస్త సందూ నల్లగా పూడిపోయింది.

మాది హోసూరు వైపు. ఆ పత్రం టైపు చేసిన డీటీపీ సెంటర్‌కు వెళ్లి అడిగాం. అక్కడి అబ్బాయిది తమిళం. తెలుగు చక్కగా మాట్లాడతాడు. అక్షరాలు పోల్చుకుని టైపు చేయగలడు గాని గడగడా చదవలేడు. “ఇంగ్లిష్ పేపర్‌లో ప్యాసేజ్ ఇటాలిక్‌లో ఉంది సార్. అన్ని పేపర్లూ ఒకేలా ఉండాలన్నారు. సెలెక్ట్ చేసి ఐ బటన్ నొక్కాను, అంతే” అన్నాడు. తప్పు అతనిది అనలేం. తెలుగు తెలిసినవాళ్లం మేమున్నాం. అచ్చుకు పోయే ముందు ప్రూఫు తెప్పించుకుని చూడలేదు.

ఆ బటన్ గురించే ఈ నాలుగు మాటలు. వాలు అక్షరం చెడ్డదని మేము అనడం లేదు. తెలిసినవాళ్లు కూర్చుని ఒక లిపి కోసం గీసినప్పుడు అది మంచి పనిముట్టు. మన బడుల్లో వాడే తెలుగు ఫాంట్లకు అలా గీసిన వాలు రూపం లేదు. మనకు కనిపించేది కంప్యూటర్ పక్కకు తోసిన నిటారు అక్షరమే. అది పిల్లలు చదివే కాగితం మీదికి రాకూడదన్నది మా వాదన. ఎందుకో చెప్పాలంటే ముందు ఇటాలిక్ ఎక్కడిదో, ఇవాళ ఫ్లెక్సీల మీదా ఫోన్లలోనూ కనిపించే జామెట్రిక్ ఇటాలిక్ ఎలాంటిదో చూడాలి.

రెండు రకాల వాలు

ఇటాలిక్ అన్న పేరులోనే ఇటలీ ఉంది. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు 1501లో వర్జిల్ కావ్యాలను చిన్న సైజు పుస్తకంగా, మొత్తం ఇటాలిక్ అక్షరాల్లో అచ్చువేశాడు. ఆ అచ్చులు చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. ఆయన నిటారు అక్షరాన్ని తీసి పక్కకు వంచలేదు. ఆ కాలపు ఇటలీ పండితులూ లేఖకులూ వేగంగా రాసే చేతిరాతను చూసి దాన్ని లోహంలోకి తెచ్చాడు. చేయి వేగంగా కదిలితే అక్షరం సన్నబడుతుంది, పక్క అక్షరం వైపు సాగుతుంది, కాస్త ఒరుగుతుంది. అక్కడ వాలు అన్నది వేగానికి వచ్చిన ఫలితం. మొదట పుస్తకాలకు పుస్తకాలే అందులో వేసేవారు. నిటారు అక్షరాల మధ్య ఒక మాటను వేరుచేసి చూపడానికి దాన్ని వాడడం తర్వాత స్థిరపడింది. పుస్తకం పేరు, పరాయి భాష మాట, నొక్కి పలకాల్సిన మాట ఇంగ్లిషులో ఇప్పుడు వాలుగా పడేది అందుకే.

ఈ తేడా పిల్లలకు చూపించడం తేలిక. టైమ్స్ ఫాంట్‌లో ఇంగ్లిష్ చిన్నబడి ‘ఎ’ కొట్టండి. తల మీద కొక్కెం, కింద బొజ్జ ఉంటాయి. దాన్నే ఇటాలిక్ చేయండి. కొక్కెం పోయి, మనం నోటుపుస్తకంలో రాసే ‘ఎ’ ప్రత్యక్షమవుతుంది. అంటే అక్షరం ఒరగడమే కాదు, రూపమే మారింది. అది చేతిరాత నుంచి వచ్చిన ఇటాలిక్.

జామెట్రిక్ ఇటాలిక్ కథ వేరు. 1927లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ ఫౌండ్రీ ‘ఫ్యూచురా’ అనే అక్షరాలను విడుదల చేసింది. గీసినవాడు పాల్ రెన్నర్. ఆయన మనవాడే అనుకోవచ్చు. మ్యూనిక్‌లో అచ్చుపని నేర్పే బడికి అధిపతిగా పనిచేసిన ఉపాధ్యాయుడు. వృత్తం, చతురస్రం, త్రిభుజం అనే మూడు ఆకారాలు ఆ అక్షరాలకు ఆధారం. జామెట్రీ బాక్సు ముందు పెట్టుకుని కంపాసుతో, స్కేలుతో గీసినట్టుంటాయి. కలం ఒత్తిడికి గీత లావై సన్నబడే జాడ వాటిలో కనిపించదు. దీనికి తర్వాత వాలు రూపం కూడా చేశారు. అందులో అక్షరం ఆకారం మారదు. చిన్నబడి ‘ఎ’ నిటారులోనూ గుండ్రటి బొజ్జ, పక్కన కర్ర. వాలులోనూ అదే బొజ్జ, అదే కర్ర, ఒరిగి ఉంటాయి. అందుకే నిపుణులు దీన్ని ఇటాలిక్ అనడానికి బదులు ‘ఒబ్లిక్’ అంటారు.

అయితే ఇదైనా వట్టిగా తోసేస్తే వచ్చేది కాదు. నిజానికి ఫ్యూచురా నిటారు అక్షరాల్లోనే కంటికి కనిపించని సవరణలు ఉన్నాయి. గీతలన్నీ ఒకే మందం అనిపిస్తాయి గాని, బొజ్జ వచ్చి కర్రను కలిసే చోట గీతను కొంచెం సన్నం చేశారు. లేకపోతే అక్కడ మరక పడినట్టు కనిపిస్తుంది. వాలు చేసినప్పుడు వంపుల్ని మళ్లీ కంటితో చూసి దిద్దాలి. అమెరికాలో 1970లో వచ్చిన ‘అవాంగార్డ్ గోథిక్’ కూడా ఈ కోవకు చెందినదే. హెర్బ్ లుబాలిన్, టామ్ కార్నేజ్ దానికి నిటారు రూపం ఇచ్చారు. వాలు రూపం ఏడేళ్ల తర్వాత 1977లో వచ్చింది. దానికి వేరే ముగ్గురు పనిచేశారు. గుండ్రటి అక్షరాన్ని చక్కగా ఒరిగించడం ఒక్క మీట పని అయితే వాళ్లకు అంత అవసరం ఏముంది?

ఇలాంటి వాలు అక్షరం దేనికి పనికొస్తుంది? కదలిక చూపడానికి, కేక వేయడానికి. బార్బరా క్రూగర్ అనే అమెరికన్ కళాకారిణి 1980ల నుంచి ఫొటోల మీద ఎర్ర పట్టీలు వేసి, వాటిలో తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఒబ్లిక్ అక్షరాలతో చిన్న చిన్న వాక్యాలు పెడుతూ పేరు తెచ్చుకుంది. గోడ మీంచి ఎవరో వేలు చూపి గద్దించినట్టుంటుంది ఆ అక్షరం. ఆటల చొక్కాల మీద, బూట్ల ప్రకటనల మీద, రైలు బండి పక్కన ఆ ఒరుగు బాగుంటుంది. నాలుగు మాటల వరకు దానికి తిరుగులేదు. అదే అక్షరంలో నాలుగు పేరాలు వేస్తే ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్ల కళ్లు కూడా అలసిపోతాయి. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద వదిలివచ్చిన ఫలకం మీద ఉన్నది ఫ్యూచురాయే. అయితే అది నిటారు ఫ్యూచురా. నిలిచి చదవాల్సిన దాన్ని నిటారుగానే వేశారు.

నోటుపుస్తకాల దొంతర

ఇప్పుడు మన అక్షరం దగ్గరికి వద్దాం. కంప్యూటర్ తెలుగుకు ఏం చేస్తుందో ఆ పరీక్ష తర్వాత మేము తరగతిలోనే చేసి చూపించాం. ఇరవై నోటుపుస్తకాలు ఒకదాని మీద ఒకటి సమంగా పేర్చాం. దొంతర పక్కభాగం మీద స్కెచ్ పెన్నుతో లావుపాటి వలయం ఒకటి గీశాం. తర్వాత పై పుస్తకాలను ఒక్కొక్కటిగా కొంచెం కుడికి జరిపాం. వలయం కోడిగుడ్డులా సాగి ఒరిగింది. “గీత ఎక్కడ లావైంది? ఎక్కడ సన్నబడింది?” అని అడిగితే పిల్లలే చూసి చెప్పారు. పైన కుడి మూల, కింద ఎడమ మూల లావెక్కాయి. పైన ఎడమ, కింద కుడి చిక్కిపోయాయి. ఐ బటన్ నొక్కినప్పుడు తెలుగు ఫాంట్‌కు సొంత వాలు రూపం లేకపోతే కంప్యూటర్ చేసేది సరిగ్గా ఇదే.

ఇంగ్లిషులో నిలువు కర్రలు ఎక్కువ. కర్ర ఒరిగితే ఒరిగిన కర్ర అవుతుంది, అంతే. మనది గుండ్రటి లిపి. ర, ఠ, ద, వ, ల, సున్న, ఏది తీసుకున్నా వలయమో వలయం ముక్కో కనిపిస్తుంది. అందుకని ఈ లావు సన్నాల దెబ్బ మన ప్రతి అక్షరానికీ తగులుతుంది. ఒక పేజీ నిండా అలాంటివి పడితే కొన్ని గీతలు మాసినట్టు, కొన్ని అరిగినట్టు ఉంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు గుడులూ ఒత్తులతో. ఇంగ్లిష్ అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి ఒకే వరుసలో కూర్చుంటాయి. మనది మూడంతస్తుల ఇల్లు. మధ్యలో అక్షరం, నెత్తిన తలకట్టో గుడో ఏత్వమో, కింద ఒత్తు. ఒరగదోసినప్పుడు గీతకు పైన ఉన్నవన్నీ కుడికి పోతాయి, గీతకు కింద ఉన్నవన్నీ ఎడమకు పోతాయి. లెక్క వేసి చూడండి. 12 డిగ్రీల వాలుకు ప్రతి 10 మిల్లీమీటర్ల ఎత్తుకూ 2 మిల్లీమీటర్లకు కాస్త పైగా జరుగుతుంది. గుడి కొస 5 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే అది 1 మిల్లీమీటరు పైచిలుకు కుడికి వెళ్తుంది. ఒత్తు అడుగు 3 మిల్లీమీటర్ల కింద ఉంటే అది 0.6 మిల్లీమీటర్లు ఎడమకు వస్తుంది. ఒకే అక్షరానికి చెందిన గుడికీ ఒత్తుకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి ఎడం పడింది. అక్షరం వెడల్పే నాలుగైదు మిల్లీమీటర్లు ఉండే చోట ఇది చిన్న సంగతి కాదు. గుడి ముందింటికి, ఒత్తు వెనకింటికి చుట్టపుచూపుగా వెళ్లినట్టు ఉంటుంది.

పెద్దవాళ్లం మనం అక్షరం అక్షరం చదవం. మాట మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేస్తాం. గుడి ఎటు పోయినా సర్దుకుంటాం. చదువు ఇంకా కుదురుకోని పిల్లలు అలా కాదు. వాళ్లు గుర్తులను ఏరుకుంటూ చదువుతారు. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న వంపు. ద కింద చిన్న గీత పెడితే ధ, లోపల చుక్క కూడా పెడితే థ. మన లిపిలో తేడాలన్నీ ఇలాంటి చిన్నచిన్న గుర్తుల్లోనే ఉన్నాయి. వాటి చోటు చెదిరితే వీధి విధి అవుతుంది.

ఇంకొకటి కూడా గమనించాం. మా ఊరు మూడు భాషల కూడలి. పిల్లలు తెలుగు, తమిళం చదువుతారు. కన్నడ బోర్డులు రోజూ చూస్తారు. తెలుగు తలకట్టు టిక్కు గుర్తులా పైకి లేచి ఉంటుంది. కన్నడ తలకట్టు అడ్డంగా పడుకుని ఉంటుంది. తెలుగును కుడికి ఒరగదోస్తే ఆ లేచిన కొమ్మ కూడా వాలి అడ్డానికి దగ్గరవుతుంది. రెండు లిపుల మధ్య కంటికి తొందరగా దొరికే గుర్తు ఒకటి మసకబారుతుంది. బళ్లారి, పావగడ, కోలారు వైపు పిల్లలకు ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది.

మన పిల్లలకు బడి కాగితమే దిక్కు

ఇవే వాలు అక్షరాలు విజయవాడలోనో వరంగల్‌లోనో ఒక ప్రశ్నపత్రంలో వస్తే అంత నష్టం ఉండకపోవచ్చు. అక్కడి పిల్లవాడికి బస్సు మీద తెలుగు, కిరాణా కొట్టు మీద తెలుగు, గోడ మీద సినిమా తెలుగు. రోజుకు వంద చోట్ల చూసిన మాటను వంకరగా వేసినా గుర్తుపడతాడు. మన పిల్లల సంగతి అది కాదు. హోసూరులో వీధి నిండా తమిళం, షోలాపూర్‌లో దేవనాగరి, రాయగడలో, బరంపురంలో ఒడియా. యానాం వాళ్లు కాస్త అదృష్టవంతులు, వాళ్లకు వీధిలోనూ తెలుగే. మిగిలిన మనందరి పిల్లలకు తెలుగు ఇంట్లో చెవికి వినిపిస్తుంది గాని కంటికి కనిపించేది బడిలోనే. నల్లబల్ల, పాఠ్యపుస్తకం, ప్రశ్నపత్రం, ఈ మూడే వాళ్ల తెలుగు లోకం. ఆ మూడింటిలో ఒకటి మసకగా ఉంటే మూడో వంతు లోకం మసకైనట్టే.

ఆ కుర్రవాడి తండ్రి ప్రోగ్రెస్ కార్డు తీసుకోవడానికి వచ్చినప్పుడు, “ఇంట్లో మాట్లాడే భాషలోనే వీడికి మార్కులు తగ్గాయి. వచ్చే ఏడు వేరే మీడియంలో వేసేద్దామా సార్?” అని అడిగాడు. ఆ మాట మన బడుల్లో ఏ ఉపాధ్యాయుడైనా విన్నదే. మాతృభాషలో ప్రాథమిక విద్య అందించే సౌకర్యం గురించి రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది. 1956లో చేరింది. దాన్ని చూపించి మనం పోస్టుల కోసం, పుస్తకాల కోసం అర్జీలు పెడుతూనే ఉన్నాం, పెట్టాలి కూడా. కాని ఒక తండ్రి బిడ్డను తెలుగు నుంచి తప్పించాలా వద్దా అని తేల్చుకునేది అధికరణం చూసి కాదు, మార్కులు చూసి. ఆ మార్కుల్లో కొన్ని ఒక బటన్ వల్ల పోయాయి. మేము ఆ తండ్రికి ప్రశ్నపత్రం చూపించి జరిగింది చెప్పాం. ఆయన చాలాసేపు కాగితం వైపు చూసి, “నాకే ఇది విధి అని ఉంది సార్” అన్నాడు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. తెలుగు సినిమా పోస్టర్ల మీద, వారపత్రికల్లో కథల పేర్లు ఎన్ని దశాబ్దాలుగా వాలుగా రావడం లేదు, అప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడేమిటి అన్నది మొదటిది. న్యాయమైన ప్రశ్నే. ఆ పేర్లు చేత్తో రాసినవి. రాసే ఆర్టిస్టు అక్షరాన్ని ఒరిగించినప్పుడు గుడిని వెనక్కి లాగుతాడు, ఒత్తును ముందుకు జరుపుతాడు, లావెక్కిన చోట చెక్కుతాడు. బాపు గారి అక్షరాలు ఎంత స్వేచ్ఛగా తిరిగినా ఏ గుడి ఏ అక్షరానిదో ఎవరికీ సందేహం రాదు. పైగా అవి రెండు మూడు మాటలు, అరచేయంత సైజు. పరీక్షలో పన్నెండు వాక్యాలు, చీమలంత సైజు. రెండింటికీ పోలిక కుదరదు.

టీచర్ పోస్టులు ఖాళీగా ఉండి, పుస్తకాలు ఆలస్యంగా వస్తుంటే అక్షరం ఒరిగిందా నిలబడిందా అని ఈ చర్చ ఎందుకు అన్నది రెండోది. ఆ పెద్ద సమస్యలు మన చేతిలో లేవు. అవి తీరేదాకా అడుగుతూనే ఉండాలి. ఇది మాత్రం మన చేతిలో ఉంది. జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. రేపటి యూనిట్ టెస్టుకే అమలు చేయవచ్చు. చేయగలిగిన దాన్ని కూడా చేయకుండా చేయలేని దాని గురించే మాట్లాడుతూ ఉంటే పిల్లలకు ఒరిగేది లేదు.

మరి ఒక మాటనో పేరానో వేరుగా చూపాలంటే ఎలా? తెలుగు ఫాంట్లు చేసేవాళ్లే దారి చూపించారు. ముంబయిలోని ఏక్ టైప్ వాళ్ల ‘అనేక్ తెలుగు’ 2022లో వచ్చింది. ఉచితంగా దొరుకుతుంది. అందులో పలచటి అక్షరం నుంచి బాగా బొద్దు అక్షరం దాకా ఎనిమిది మెట్లు ఉన్నాయి, ఇరుకు నుంచి వెడల్పు దాకా ఐదు మెట్లు ఉన్నాయి. వాలు లేదు. ‘నోటో సాన్స్ తెలుగు’లోనూ వాలు లేదు. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లలోనూ లేదు. ఇంత శ్రమపడి ఇన్ని మెట్లు చేసినవాళ్లు వాలును పక్కన పెట్టారంటే మన లిపిలో తేడా చూపడానికి బరువూ వెడల్పూ ఎంత పనికొస్తాయో అర్థం చేసుకోవచ్చు.

అందుకని మా బడిలో ఇప్పుడు కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. అపరిచిత గద్యాన్ని నిటారు అక్షరాల్లోనే వేసి చుట్టూ ఒక గడి గీయిస్తున్నాం. పద్యమైతే రెండు వైపులా మార్జిన్ లోపలికి జరుపుతున్నాం. నొక్కి చెప్పాల్సిన మాట బొద్దుగా పడుతుంది. పాఠం పేరూ పుస్తకం పేరూ కొటేషన్లలో ఉంటాయి. చిన్న తరగతులకు అక్షరం సైజు పెంచాం. వరుసల మధ్య ఎడం కూడా పెంచాం, ఎందుకంటే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగిలినా ఇదే తంటా. కాగితం ఒకటి ఎక్కువవుతుంది. ఆ ఖర్చు భరించదగిందే. డీటీపీ సెంటర్ అబ్బాయికి ఇచ్చే రాతప్రతి పైన ఎర్ర సిరాతో ‘తెలుగుకు ఐ బటన్ వద్దు’ అని రాస్తున్నాం. అతను నవ్వుతాడు గాని పాటిస్తున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, జెరాక్స్‌కు పోయే ముందు తెలుగు ఉపాధ్యాయుల్లో ఒకరు ప్రూఫు చదివి సంతకం పెడుతున్నారు.

ఇంగ్లిష్ ప్రశ్నపత్రంలో ఇటాలిక్ ఉండనివ్వండి. దానికి అక్కడ అర్థం ఉంది, పిల్లలు దాన్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. పై తరగతుల వాళ్లకు టైమ్స్ ఇటాలిక్‌నూ జామెట్రిక్ ఇటాలిక్‌నూ పక్కపక్కన పెట్టి ఏది చేతిరాత నుంచి వచ్చింది, ఏది కంపాసు నుంచి వచ్చింది అని అడిగితే ఒక పీరియడ్ ఆనందంగా గడిచిపోతుంది. నోటుపుస్తకాల దొంతర ప్రయోగం లెక్కల టీచర్లకూ పనికొస్తుంది. ఒక లిపికి నప్పింది ఇంకో లిపికి ఎందుకు నప్పదో తెలుసుకోవడం రెండు మూడు లిపుల మధ్య పెరిగే మన పిల్లలకు చాలా అవసరమైన పాఠం.

తెలుగుకు అసలు వాలు అక్షరమే రాకూడదా అంటే, రావచ్చు. అయితే అది ఎక్కడి నుంచి రావాలన్నది ప్రశ్న. ఇటలీవాళ్లు తమ వేగపు చేతిరాతలోంచి ఇటాలిక్ తీసుకున్నారు. మనకూ వేగపు చేతిరాత ఉండేది. కరణాలు లెక్కలూ దస్తావేజులూ రాసిన గొలుసుకట్టు రాత అదే. కలం ఎత్తకుండా ఒక అక్షరాన్ని ఇంకోదానికి ముడివేస్తూ పోయే రాత. తాతల నాటి భూమి కాగితాలు దాచుకున్న ఇళ్లలో అది ఇప్పటికీ కనిపిస్తుంది. ఎవరైనా ఆ కాగితాలు ముందు పెట్టుకుని, గుడి ఎక్కడ పెట్టారు, ఒత్తును ఎలా తిప్పారు అని చూసి ఒక అక్షరమాల గీస్తే అది నిజమైన తెలుగు ఇటాలిక్ అవుతుంది. అలాంటిది వచ్చిన రోజున మా ప్రశ్నపత్రంలో అందరికన్నా ముందు మేమే వాడతాం. అంతవరకు తెలుగు అక్షరాన్ని ఎవరో తోస్తే ఒరిగినట్టు కాకుండా తన కాళ్ల మీద తాను నిలబడేటట్టు చూద్దాం.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ సాయంత్రం మీ పిల్లల సంచీలోంచి పాత ప్రశ్నపత్రం ఒకటి తీసి చూడండి. మార్కులు తర్వాత, ముందు అక్షరాలు చూడండి. మీకు చదవడానికి ఇబ్బందిగా ఉంటే బిడ్డకూ ఉంటుంది. మరుసటి రోజు బడికి వచ్చి ఆ మాట చెప్పండి. ఉపాధ్యాయులం మేము నొచ్చుకోం. మా కళ్లకు అలవాటైపోయి కనిపించనివి మీకు కనిపిస్తాయి. ‘వీధి’ని ‘విధి’ అని చదివిన ఆ తండ్రి చెప్పి ఉండకపోతే తప్పంతా పిల్లవాడిదేనని మేమూ కొంతకాలం అనుకుని ఉండేవాళ్లం.